పాఠకుల ప్రశ్నలు – జవాబులు: తూటాల మధ్య దిగిన హ్యూయీలు

వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం నడిపిన హ్యూయీ హెలికాప్టర్ల గురించి పాఠకులు అడిగిన వాటికి ఈ వారం జవాబులు.

ప్రశ్న: కింద నుంచి కాల్పులు జరుగుతుంటే పైలట్ అక్కడే ఎలా దించేవాడు?

జవాబు: అది నలుగురి పని. ముందు ఇద్దరు పైలట్లు. వెనక ఒక తలుపు దగ్గర హెలికాప్టర్ నిర్వహణ చూసే క్రూ చీఫ్, రెండో తలుపు దగ్గర గన్నర్, ఇద్దరికీ చెరో ఎం-60 మెషిన్‌గన్. చోటు దగ్గరపడగానే కింది దళాన్ని పొగ గ్రెనేడ్ వేయమంటారు. ఏ రంగు వేశారో కిందివాళ్లు ముందుగా చెప్పరు. పైలట్ ‘ఊదా పొగ కనిపిస్తోంది’ అంటే వాళ్లు అవునో కాదో చెబుతారు. రేడియో వింటున్న శత్రువు అదే రంగు పొగ వేసి తనవైపు రప్పించుకోకుండా ఈ జాగ్రత్త.

చివరి ఘట్టంలో ఒకరు నడుపుతుంటే రెండో పైలట్ కూడా కంట్రోళ్ల మీద చేతులూ కాళ్లూ తేలిగ్గా ఆనించి ఉంచుతాడు. నడిపేవాడికి తూటా తగిలి స్టిక్ (హెలికాప్టర్‌ను అటూ ఇటూ వాల్చే కర్ర) మీదికి వాలిపోతే అందుకోవడానికి వ్యవధి ఉండదు మరి. కవచం ఉన్న పైలట్ సీటుకు వెనక ఎర్ర పిడి ఉండేది. దాన్ని లాగితే సీటు వెనక్కి వాలుతుంది, గాయపడ్డ మనిషిని క్యాబిన్‌లోకి ఈడ్చుకోవచ్చు. తోకకు చెట్టు మోడు తగలకుండా వెనకవాళ్లు చూసి ‘ఎడమ ఖాళీ, కుడి ఖాళీ’ అని చెబుతుంటారు. నేల మీద ఉండేది కొన్ని సెకన్లే. స్కిడ్లు (కింద కాళ్లలాంటి కడ్డీలు) ఆనకముందే సైనికులు దూకేసేవారు.

దిగడం కన్నా లేవడం కష్టం. ఎండకు గాలి పలచబడి, ఇంజన్ శక్తీ, రోటర్ (పైన తిరిగే రెక్కలు) పట్టూ రెండూ తగ్గుతాయి. కాగితం మీద 11 మందిని మోయగల హ్యూయీ అక్కడి వేడిలో చాలాసార్లు ఏడెనిమిది మందితోనే లేచేది. బరువు మించితే కలెక్టివ్ (హెలికాప్టర్‌ను పైకి లేపే లివర్) లాగేకొద్దీ రోటర్ వేగం పడిపోతుంది, ముక్కును నేరుగా నిలిపే తోక రోటర్ చాలక ముక్కు కుడికి తిరుగుతుంది. ఇంకా లాగితే కూలడమే. ఆ స్థితిలో ఎవర్ని వదిలి వెళ్లాలన్నది పైలట్‌కు తూటాల కన్నా పెద్ద పరీక్ష అని మా అభిప్రాయం.

ప్రశ్న: ఒక్క తూటా తగిలితే కూలిపోతుందా?

జవాబు: ఎక్కడ తగిలిందన్నదే లెక్క. రెక్కల్లో చిల్లులు పడ్డా చాలావరకు ఎగరొచ్చు, వణుకు మాత్రం పెరుగుతుంది. కంట్రోళ్లను తేలిక చేసే హైడ్రాలిక్స్ పోతే కంట్రోళ్లు బిగుసుకుంటాయి. అప్పుడు గాల్లో నిలిపి దించకుండా, చదునైన చోట జారుతూ ఆనించాలి. తోక రోటర్‌కు శక్తినిచ్చే షాఫ్ట్ మీద 42 డిగ్రీలది, 90 డిగ్రీలది అని రెండు గేర్‌బాక్స్‌లుంటాయి. వాటిలో ఏది పోయినా, నేలకు దగ్గరగా నిలిచి ఉన్న హెలికాప్టర్ గిర్రున తిరుగుతుంది. వెంటనే ఇంజన్ శక్తిని తగ్గించే థ్రాటిల్ మూసేయాలి. తిప్పే బలం ఆగుతుంది, రోటర్‌లో మిగిలిన వేగంతో కూర్చోబెట్టొచ్చు.

ఎత్తులో ఇంజన్ ఆగితే తక్షణం కలెక్టివ్ దించాలి. కింద నుంచి వచ్చే గాలికి రోటర్ తిరుగుతూనే ఉంటుంది. నేల దగ్గరపడ్డాక ముక్కెత్తి వేగం చంపి, చివర్లో కలెక్టివ్ లాగుతారు. హ్యూయీ రెక్కలు రెండే అయినా బరువైనవి, 48 అడుగుల వ్యాసం. అందుకే ఈ పనిలో దానికి మంచి పేరు. అయితే ఎత్తూ వేగమూ రెండూ లేనప్పుడు ఈ విద్య పనికిరాదు, దళాల్ని దించే ల్యాండింగ్ జోన్‌లో సరిగ్గా ఆ రెండే ఉండవు. కూలాక ఇంధనం అంటుకుని చాలామంది పోయారు. పగలకుండా, కారకుండా ఆగే ట్యాంకులు 1970 నుంచి కొత్త హ్యూయీల్లో వచ్చాయి. అంత ఆలస్యం చేయడం క్షమించరానిది.

ప్రశ్న: ప్రాణం మీదికొచ్చిన వేళ జోకులేమిటి? సినిమా కల్పనేనా?

జవాబు: కల్పన కాదు. రోటర్‌ను మాస్ట్‌కు (అది తిరిగే నిలువు కడ్డీకి) బిగించే పెద్ద నట్ ఒక్కటే ఉంటుంది. దాని పేరు ‘జీసస్ నట్’. ఊడితే ఇక ఆయనే దిక్కు! ఛాతీకి కట్టుకునే సిరామిక్ కవచాన్ని ‘చికెన్ ప్లేట్’ అనేవారు. తూటాలు ఎక్కువగా కింద నుంచే వస్తాయని వెనకవాళ్లు కొందరు దాన్ని సీటు మీద వేసుకుని కూర్చునేవారు. హ్యూయీ పైలట్ ఎడ్ ఫ్రీమన్‌ది ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తు. ఎత్తు ఎక్కువని మొదట పైలట్‌గా తీసుకోలేదు. 1955లో పరిమితి సడలించాక చేరాడు, ‘టూ టాల్’ (మరీ పొడుగు) అన్న మాట జీవితాంతం అతని ముద్దుపేరైంది.

అయినా జోకుకూ వేళ ఉంది. దిగేటప్పుడు ఇంటర్‌కమ్‌లో అవసరమైన మాటే వినిపించాలి. తూటా దిశ చెప్పాల్సిన క్షణంలో నవ్వు అడ్డొస్తే నలుగురూ పోతారు. ఏ నట్ ఊడితే చస్తామో తెలిసినవాళ్ల హాస్యం కాబట్టే మాకు దాని మీద అంత గౌరవం.

ప్రశ్న: వీరిలో చెప్పుకోదగ్గవారెవరు?

జవాబు: 1965 నవంబర్ 14న ఇయా డ్రాంగ్ లోయలోని ఎక్స్-రే ల్యాండింగ్ జోన్‌లో కాల్పులు మరీ తీవ్రమై హెలికాప్టర్లను ఆపేశారు. కింద దళానికి మందుగుండు అయిపోవస్తోంది. పైలట్లు బ్రూస్ క్రాండల్, ఫ్రీమన్ తమ హ్యూయీల్లో మందుగుండు చేరవేసి, తిరుగు ప్రయాణంలో క్షతగాత్రులను తెచ్చారు. క్రాండల్ 22 సార్లు, ఫ్రీమన్ 14 సార్లు వెళ్లారు. అమెరికా అత్యున్నత సైనిక పురస్కారం మెడల్ ఆఫ్ ఆనర్ ఫ్రీమన్‌కు 2001లో, క్రాండల్‌కు 2007లో దక్కింది.

మైకేల్ నొవొసెల్‌ది మరో దారి. వాయుసేన రిజర్వులో లెఫ్టినెంట్ కల్నల్ హోదా వదులుకుని, సైన్యంలో అంతకన్నా చిన్న హోదా అయిన వారంట్ ఆఫీసర్‌గా చేరాడు. 1969 అక్టోబర్ 2న, 47 ఏళ్ల వయసులో, 29 మంది దక్షిణ వియత్నాం సైనికులను బయటికి తెచ్చాడు. ఆఖరివాణ్ని ఎక్కించుకుంటుండగా దగ్గర నుంచి పేల్చిన తూటాలకు కాలికీ చేతికీ గాయాలై, క్షణంపాటు పట్టు తప్పినా తేరుకుని లేపాడు. తర్వాత కొడుకూ అదే యూనిట్‌లో పైలట్‌గా చేరాడు. కొడుకు హెలికాప్టర్ కూలినప్పుడు తండ్రి తెచ్చాడు. కొద్దిరోజులకే తండ్రిది కూలితే కొడుకు వెళ్లి తెచ్చాడు.