ఒకటో తేదీ దాటిన పింఛను

ప్రశ్న: తిరుపతిలో అద్దెగదిలో ఒంటరిగా ఉంటున్నాను, నెలకు వచ్చే 4,000 రూపాయల వృద్ధాప్య పింఛనే ఆధారం. మనుమరాలి కాన్పుకని చిత్తూరు వెళ్లి, ఈ నెల పింఛను అందుకోలేకపోయాను. ఆ డబ్బు పోయినట్లేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: పోలేదమ్మా. రెండు నెలల వరకు తీసుకోలేకపోయినా, బకాయిని తర్వాతి నెల పింఛనుతో కలిపి ఇచ్చే వెసులుబాటు 2024 చివరి నుంచి అమలులో ఉంది కాబట్టి, వచ్చే ఒకటో తేదీన ఇంటి వద్దనే ఉండి, వేలిముద్ర వేసి, 8,000 రూపాయలూ సచివాలయ సిబ్బంది ముందే లెక్కపెట్టుకోండి. అంట్లు తోమి అరిగిన వేళ్లకు ముద్ర పడకపోవడం మామూలే. అలాంటప్పుడు వేరే విధంగా గుర్తింపు తీసుకోమని అడగడానికి మొహమాటపడకండి. చిత్తూరు ప్రయాణానికి ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో ఆధార్ చూపితే మహిళలకు ఛార్జీ లేదు. రేషన్ బియ్యం ఎలాగూ ఉచితమే. వండుకోలేని పూట అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకు భోజనం దొరుకుతుంది. అద్దెకు మాత్రం ఇంటివారిని ముందుగానే గడువు అడగండి.