ఉపేక్ష అంటే పట్టించుకోకపోవడం కాదు

ప్రశ్న: మా వారికి 44 ఏళ్లు. ఏడాది కిందట పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లొచ్చారు. పొద్దున గంట, సాయంత్రం గంట ధ్యానం చేస్తారు. దానికి నాకు అభ్యంతరం లేదు. కానీ బాబు స్కూలు ఫీజు గడువు దాటిందంటే ‘అంతా అనిత్యం’ అంటారు. అత్తయ్యకు మోకాలి ఆపరేషన్ ఎప్పుడు చేయిద్దామంటే ‘బంధాలే దుఃఖానికి మూలం’ అంటారు. నేను ఏడిస్తే ‘నేను ఉపేక్షలో ఉన్నాను’ అని లేచి వెళ్లిపోతారు. బౌద్ధం చెప్పేది ఇదేనా? ఆయన దారికి నేనే అడ్డమా?

జవాబు: మీరు అడ్డం కాదమ్మా. మీ వారి సాధనలో తప్పు లేదు, ఆయన పట్టుకున్న మాటల అర్థాలు పక్కదారి పట్టాయి. ముఖ్యంగా ఆ ‘ఉపేక్ష’.

మన తెలుగులో ఉపేక్షించడం అంటే చూసీ చూడనట్టు వదిలేయడం. ‘తప్పు చేస్తే ఉపేక్షించేది లేదు’ అనే వాక్యం పేపర్లో తరచూ చూస్తాం. బౌద్ధ గ్రంథాల భాష పాళీలో ‘ఉపేక్ఖా’ దాదాపు దీనికి ఎదురు. రాగం వైపు, ద్వేషం వైపు ఒరగకుండా, ఉన్నది ఉన్నట్టు చూడటం. అక్కడ చూపు తిప్పుకోవడం లేదు. 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడనే బౌద్ధ పండితుడు సింహళంలో (శ్రీలంక) రాసిన సాధనా గ్రంథం విసుద్ధిమగ్గం ఈ పొరపాటును ముందే పసిగట్టింది. ఉపేక్షకు రాగద్వేషాలు దూరపు శత్రువులు, అజ్ఞానంతో కూడిన ఉదాసీనత దగ్గరి శత్రువు అంటుంది. దగ్గరి శత్రువుతోనే ఎక్కువ ప్రమాదం, అచ్చం అసలుదానిలాగే కనిపిస్తుంది కాబట్టి.

అదే గ్రంథంలో ఒక తల్లి పోలిక ఉంది, మీ వారికి చూపించండి. ఆమెకు నలుగురు కొడుకులు. పసివాడు ఎదగాలని కోరుకుంటుంది, అది మైత్రి. జబ్బుపడ్డవాడు కోలుకోవాలనుకోవడం కరుణ. యవ్వనంలో ఉన్నవాడి సుఖం నిలవాలనుకోవడం ముదిత. తన పనులు తానే చక్కబెట్టుకుంటున్న కొడుకు గురించి ఆదుర్దా పడదు, అది ఉపేక్ష. మరి బడికెళ్లే మీ బాబు ఎన్నో కొడుకు? మోకాళ్ల నొప్పితో ఉన్న మీ అత్తగారికి ఈ నాలుగింటిలో ఏది కావాలి?

ఇక ‘బంధాలే దుఃఖానికి మూలం’. బుద్ధుడి మూల బోధ అయిన నాలుగు ఆర్యసత్యాల్లో రెండోది దుఃఖ కారణంగా చెప్పింది బంధుత్వాన్ని కాదు, తణ్హను, అంటే దప్పికలాంటి తృష్ణను. అది మూడు రకాలు: ఇంద్రియ సుఖాల కోసం కామతృష్ణ, ఇలాగే ఉండిపోవాలనే భవతృష్ణ, లేకుండా పోవాలి, వదిలించుకోవాలి అనే విభవతృష్ణ. ఈ మూడోదాన్ని చాలామంది సాధకులు గుర్తించరు. ఇంటి గోల ఏదీ వద్దని పారిపోవాలనిపించడం కూడా తృష్ణే కావచ్చు.

అనిత్యం నిజమే. ఫీజు గడువు కూడా అనిత్యమే, దాటిపోతుంది!

బుద్ధుడు గృహస్థులకు విడిగా చెప్పిన మాటలున్నాయి. రాజగృహంలో సిగాలుడనే యువకుడికి చెప్పిన సిగాలోవాద సుత్తంలో (సుత్తం అంటే బుద్ధుడి ఉపదేశం) భర్త భార్యకు చేయాల్సినవి ఐదు: గౌరవించడం, అవమానించకపోవడం, పరస్త్రీ వైపు పోకపోవడం, ఇంటి పెత్తనం అప్పగించడం, నగలు ఇవ్వడం. వృద్ధులైన తల్లిదండ్రుల పోషణ కూడా అందులోనే ఉంది. పోనీ, ఆయన తనను భిక్షువుతో పోల్చుకుంటున్నారా? విరేచనాలతో పడి ఉన్న భిక్షువును తోటివాళ్లు పట్టించుకోకపోతే, బుద్ధుడే శిష్యుడు ఆనందుడితో కలిసి స్నానం చేయించి పడుకోబెట్టాడు. నన్ను సేవించాలనుకునేవాడు రోగిని సేవించాలని అప్పుడే చెప్పాడు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ధ్యానానికి కూర్చునే ముందుగానీ లేచిన వెంటనేగానీ ఈ మాటలెత్తకండి. ఆ రెండు గంటలూ ఆయనవే, ఫోన్లు, పిలుపులు లేకుండా చూడండి. ‘నీ ధ్యానం మా కొంప ముంచింది’ అన్నారంటే సంభాషణ సాధన మీదికి మళ్లి, ఫీజు సంగతి మళ్లీ మూలన పడుతుంది. బౌద్ధంలో మంచి మాటకు ఐదు లక్షణాలు: సమయానికి రావాలి, నిజం కావాలి, మృదువుగా ఉండాలి, ప్రయోజనం ఉండాలి, మైత్రితో రావాలి. ఆదివారం మధ్యాహ్నం లాంటి వేళ చూసుకుని, ఒక కాగితం ముందు పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి. ఎడమవైపు ఆయన చేయాల్సిన పనులు రాయండి: ఫీజు కట్టడం, డాక్టరు దగ్గర తేదీ తీసుకోవడం, ఆపరేషన్ రోజు ఆసుపత్రిలో ఉండటం. ప్రతిదానికీ ఆయన చేత్తోనే తేదీ వేయించండి. కుడివైపు మన చేతిలో లేనివి: బాబుకు ఎన్ని మార్కులొస్తాయి, అత్తగారు ఎన్ని వారాలకు మామూలుగా నడుస్తారు. ఉపేక్షకు అసలు చోటు ఆ కుడివైపే. ఎడమవైపువి చేయకపోతే దాని పేరు బాధ్యత వదిలేయడం.

మళ్లీ శిబిరానికి వెళ్తానంటే ఆపకండి. ఆపరేషన్ తేదీకి అడ్డం రాకుండా చూసుకోండి. ఇంట్లో జరుగుతున్నది దాచకుండా అక్కడి ఆచార్యులకు చెప్పి సలహా అడగమనండి. అలాంటి పది రోజుల శిబిరం చివర్లో మైత్రీ భావన, అంటే అందరి మేలు కోరే ధ్యానం కూడా నేర్పుతారు, రోజూ దాన్ని చేస్తున్నారో లేదో అడగండి.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఆయన నిద్ర, తిండి తగ్గాయా? ఇదివరకు ఇష్టపడ్డ పనుల మీదా ఆసక్తి పోయిందా? ఉద్యోగానికి వెళ్లడమూ బరువుగా ఉందా? ఇవి రెండు వారాలకు పైగా ఉంటే, ‘ఉపేక్ష’ అని ఆయన అంటున్నది డిప్రెషన్ కావచ్చు. సైకియాట్రిస్టుకు చూపించండి. చావు మాట ఎత్తితే ఆ రోజే తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మీ ఏడుపు ఆగకపోయినా ఆ నంబరు మీకూ పనికొస్తుంది.