ఆట ఆపేశాక కోచింగ్: ర్యాంకు ఎంతవరకు పనికొస్తుంది?

ప్రశ్న: మా అమ్మాయికి 27 ఏళ్లు. పదిహేడో ఏట నుంచి ప్రొఫెషనల్ టెన్నిస్ ఆడింది. సింగిల్స్‌లో అత్యుత్తమ ర్యాంకు 520. కుడి భుజానికి రెండుసార్లు ఆపరేషన్ అయ్యాక ఆట ఆపేయాలని నిర్ణయించుకుంది. ఇప్పుడు కోచ్ అవుతానంటోంది. 16 ఏళ్ల జూనియర్ ఒకరి తల్లిదండ్రులు, తమ పాపతో ఏడాదికి 25 వారాలు టోర్నమెంట్లకు రమ్మని అడుగుతున్నారు. వెంటనే ఒప్పుకోమంటారా, ముందు కోర్సులు చేయమంటారా? డిగ్రీ కూడా సగంలో ఆగింది. – ఒక తల్లి

జవాబు: 25 వారాలకు ఇప్పుడే ఒప్పుకోవద్దమ్మా. అలాగని కాదని కూడా అనొద్దు. ఆరు నుంచి ఎనిమిది వారాలు వెళ్తానని చెప్పి, మిగతా ఏడాదంతా ఏదైనా అకాడమీలో అసిస్టెంట్ కోచ్‌గా చేరమనండి. అది కూడా పెద్ద జూనియర్ల దగ్గర కాదు, పదేళ్లలోపు పిల్లల కోర్టులో. 520 ర్యాంకు చూసిన అమ్మాయికి ఇది చిన్నతనంగా అనిపించవచ్చు. కానీ కోచింగ్ నేర్చుకోవడానికి ఆ కోర్టును మించిన చోటు లేదు.

ర్యాంకు వల్ల మొదటి క్లాసుకు జనం వస్తారు. మూడో నెలలో మాత్రం అడిగే ప్రశ్న వేరు: ‘మా పాప రెండో సర్వ్ ఎందుకు నెట్‌కు తగులుతోంది?’ దానికి జవాబు చెప్పడం వేరే వృత్తి. ఈ రెంటికీ సూటి సంబంధం లేదని ఆట చరిత్రే చెబుతుంది. ఎనిమిది గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన ఇవాన్ లెండిల్, ఆండీ ముర్రేకి గొప్ప కోచ్ అయ్యారు. 2003లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన హువాన్ కార్లోస్ ఫెరెరో, అల్కరాజ్‌ను నంబర్ వన్ దాకా నడిపించారు. మరోవైపు, నాదల్‌ను తీర్చిదిద్దిన టోనీ నాదల్‌కి గానీ, అగస్సీని పెంచిన నిక్ బొలెటియరీకి గానీ ప్రొఫెషనల్ టూర్‌లో (ఏడాది పొడవునా దేశదేశాల్లో జరిగే పోటీల్లో) చెప్పుకోదగ్గ ఆటే లేదు. డారెన్ కాహిల్ 1988 యూఎస్ ఓపెన్ సెమీఫైనల్ దాకా వెళ్లినా మోకాలి గాయాలతో ఆటకు త్వరగా దూరమయ్యారు. ఆ తర్వాత హ్యూయిట్, అగస్సీ, హాలెప్, సినర్ వంటివారికి కోచ్‌గా ఆయన సంపాదించిన పేరు ఆటగాడిగా వచ్చినదానికంటే పెద్దది. మీ అమ్మాయి పరిస్థితికి దగ్గరగా ఉన్నది ఆయన దారే.

మహిళల్లో టూర్ కోచ్‌లు ఇప్పటికీ తక్కువే. అయినా దారి మూసుకుపోలేదు. అమెలీ మోరెస్మో 2014 నుంచి రెండేళ్లు ముర్రేకి కోచ్‌గా ఉన్నారు. 2017 వింబుల్డన్ గెలిచినప్పుడు ముగురుజా పక్కన ఉన్నది కొంచితా మార్తినెజ్. ఆడపిల్లల వెంట మహిళా కోచ్ ఉండాలని కోరుకునే తల్లిదండ్రులు చాలామంది ఉంటారు. మీకు వచ్చిన ఆఫర్ వెనుక ఈ కారణం కూడా ఉండి ఉండవచ్చు.

ఇక బాగా ఆడినవాళ్లు ఎక్కడ తడబడతారో చూద్దాం. పదేళ్లు రోజూ కొట్టిన ఫోర్‌హ్యాండ్ ఆలోచన లేకుండానే వస్తుంది. అది ఎలా వస్తుందో మాటల్లో చెప్పమంటే నాలుక తడబడుతుంది, లేదా నిజంగా చేసేది ఒకటీ చెప్పేది ఒకటీ అవుతుంది. అందుకే కొత్తగా కోచ్ అయిన మాజీ ఆటగాళ్లు ఎక్కువ మాట్లాడతారు: మణికట్టు ఇలా, మోచేయి అలా, భుజం తిప్పు, మోకాలు వంచు... ఒక్క బంతికి నాలుగు సూచనలు. పిల్ల శరీరం బిగుసుకుపోతుంది. అవయవం గురించి చెప్పడం తగ్గించి, బంతి ఎటు పోవాలో చెబితే పని త్వరగా అవుతుంది. ‘మణికట్టు కిందికి దించు’ బదులు ‘నెట్‌కు మీటరు పైనుంచి పంపు, అక్కడ పెట్టిన కోన్ దాటాక పడాలి’ అంటే చాలు, చెయ్యి తన దారి తాను వెతుక్కుంటుంది. ఒక దఫాలో ఒకే సూచన. ఆరు బంతులు చూశాకే రెండోది.

రెండో తప్పు, తన ఆటనే అందరికీ నేర్పడం. తనకు అచ్చొచ్చిన గ్రిప్, తన ఓపెన్ స్టాన్స్ (నెట్‌కు ఎదురుగా నిలబడి కొట్టే తీరు), తన రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్. శిష్యురాలి ఎత్తు, చేతుల పొడవు, ఓపిక వేరైతే ఆ ఆట ఆమెకు నప్పదు. మూడోది ఇంకా మొండిది: ప్రాక్టీసులో శిష్యురాలిని ఓడించడం! పోటీ రక్తంలో ఉన్నవాళ్లకు బంతిని అవతలివాళ్ల రాకెట్ మీదికి, సరైన ఎత్తులో, ఒకే వేగంతో పదేపదే పంపడం విసుగు. కానీ ర్యాలీని 20 షాట్లు నిలబెట్టి, ఇరవై ఒకటో బంతిని కావాలని లోతుగా వేయగల చెయ్యే కోచ్ చెయ్యి.

పదేళ్లలోపు పిల్లల కోర్టు ఎందుకన్నానంటే, అక్కడ ఈ మూడు తప్పులూ మొదటి పది నిమిషాల్లోనే బయటపడతాయి. అక్కడ పిల్లలు దశను బట్టి ఎరుపు, నారింజ, ఆకుపచ్చ బంతులతో ఆడతారు. ఎరుపు బంతి మామూలు పసుపు బంతికంటే దాదాపు 75 శాతం నెమ్మది. నారింజ 50, ఆకుపచ్చ 25 శాతం. ఎరుపు దశలో కోర్టు పొడవు దాదాపు 11 మీటర్లు, నారింజలో 18, పూర్తి కోర్టు 23.77. 2012 నుంచి పదేళ్లలోపు పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదన్నది టెన్నిస్ నిబంధన. దీనికి కారణం ఉంది. పసుపు బంతి పడిలేచి చిన్నపిల్లల తలదాకా వస్తుంది. దాన్ని అందుకోవడానికి పిల్లలు గ్రిప్‌ను అతిగా తిప్పుతారు, వెనక్కి వెనక్కి పోతారు. ఆ అలవాటు పదిహేనేళ్లకు కూడా వదలదు. ‘మా వాడు బలవంతుడు, పసుపు బంతి ఇవ్వండి’ అని అడిగే తండ్రికి ఈ సంగతి నొప్పించకుండా చెప్పడం కూడా కోచింగ్‌లో భాగమే. అసలు ఉద్యోగంలో సగం అదేనని చెప్పుకోవచ్చు.

అక్కడే బాస్కెట్ ఫీడింగ్, అంటే బుట్టలోని బంతులు ఒక్కొక్కటిగా పిల్లలకు అందించడం, కూడా నేర్చుకోవాలి. ముందు చేత్తో, రెండు మూడు మీటర్ల దూరం నుంచి. తర్వాత రాకెట్‌తో, నెట్ దగ్గరి నుంచి. చివరికి కోర్టు చివరి గీత, అంటే బేస్‌లైన్ నుంచి. టెక్నిక్ మార్చేటప్పుడు ఆరు నుంచి పది బంతులిచ్చి ఆపాలి. అలుపొస్తే పాత అలవాటే తిరిగొస్తుంది, అప్పుడు కొట్టించే ప్రతి బంతీ తప్పునే గట్టిపరుస్తుంది. ఆరుగురు పిల్లలుంటే ఒకరు కొట్టి అయిదుగురు వరుసలో నిలబడే క్లాసు దండగ. ఇద్దరు ఆడుతుంటే ఇద్దరు లెక్క చూడాలి, మరో ఇద్దరు సర్వ్ కోసం బంతి పైకి విసరడం సాధన చేయాలి. ఒకే కోర్టులో మూడు పనులు నడపగలిగితే మీ అమ్మాయి కోచ్ అయినట్టే లెక్క.

భుజం మాట మరచిపోకూడదు. హిట్టింగ్ పార్ట్‌నర్‌గా, అంటే ప్రాక్టీసులో ఎదురుగా ఆడే మనిషిగా, మొదలుపెట్టి పైకెదిగే దారి ఒకటి ఉంది. సెరెనా విలియమ్స్‌కు హిట్టింగ్ పార్ట్‌నర్‌గా ఉన్న సాషా బాయిన్, తర్వాత నవోమి ఒసాకా కోచ్‌గా 2018 యూఎస్ ఓపెన్, 2019 ఆస్ట్రేలియన్ ఓపెన్ విజయాలు చూశారు. రెండు ఆపరేషన్లయిన భుజానికి మాత్రం ఆ దారి వద్దు. ఫీడింగ్ కూడా వందల బంతుల పనే. కాంటినెంటల్ గ్రిప్‌తో (సుత్తిని పట్టుకున్నట్టు రాకెట్ పట్టుకోవడం), నడుము కింది ఎత్తులో, మోచేతిని ఒంటికి దగ్గరగా ఉంచి కొట్టడం అలవాటు చేసుకోవాలి. సర్వ్ రిటర్న్ ప్రాక్టీస్ ఇవ్వాల్సి వస్తే బేస్‌లైన్ నుంచి కాకుండా నెట్‌కు దగ్గరగా ఉండే సర్వీస్ లైన్ నుంచి వేస్తే సగం బలంతోనే అదే ఒత్తిడి పుడుతుంది. మొదటి ఏడాది కోర్టు మీద వారానికి 25 గంటలు దాటనివ్వకండి. ఎంత మంచి కోచ్‌నైనా ఎక్కువ గంటలు ముందు భుజంలో, తర్వాత గొంతులో దెబ్బతీస్తాయి.

తన గాయమే ఒక ఆస్తి కూడా. ఒక్కసారిగా ఎత్తు పెరిగే వయసులో, అంటే పదకొండు నుంచి పదిహేను మధ్య, పిల్లల ఎముకల ఎదుగుదల భాగాలు బలహీనంగా ఉంటాయి. మోకాలి కింద నొప్పి, సర్వ్‌లో నడుము వెనక్కి విల్లులా వంచడం వల్ల వెన్నుపూసలో సన్నటి పగుళ్లు అప్పుడే వస్తాయి. మూడు నెలలకోసారి ఎత్తు కొలిచి రాసుకుని, వేగంగా పెరుగుతున్నట్టు కనిపిస్తే సర్వ్‌ల సంఖ్య తగ్గించడం కోచ్ చేయాల్సిన పని. నొప్పిని భరించి ఆడినవాళ్లు శిష్యులనూ భరించమంటారు. మీ అమ్మాయి ఆ గొలుసు తెంపాలి.

సర్టిఫికెట్ల సంగతి క్లుప్తంగా. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, ఐటీఎఫ్, చదువుల మెట్లు ఇవి: ప్లే టెన్నిస్, లెవల్ 1 ప్రారంభ, మధ్యస్థాయి ఆటగాళ్లకు, లెవల్ 2 పైస్థాయి వాళ్లకు, లెవల్ 3 అత్యున్నత స్థాయికి. కోర్సులు జాతీయ సమాఖ్యల ద్వారా జరుగుతాయి. మాజీ ప్రొఫెషనల్స్‌కు కుదించిన కోర్సులు నడిపే సమాఖ్యలూ ఉన్నాయి, కనుక దరఖాస్తుతో పాటు ర్యాంకింగ్ చరిత్ర జతచేయమనండి. అవకాశం ఉన్నా లెవల్ 1 దాటవేయొద్దు. పిల్లల గురించి చెప్పేది అందులోనే. ప్రథమ చికిత్స, పిల్లల రక్షణ శిక్షణ, నేపథ్య తనిఖీ పత్రం మొదటి నెలలోనే పూర్తిచేసుకోవాలి.

ఆట మానేసినా ఆట నియమాలు వదలవు. టూర్‌లో కోచ్‌గా తిరిగేవాళ్లు కూడా టెన్నిస్ అవినీతి నిరోధక నియమాల కిందికే వస్తారు. టెన్నిస్ మీద పందెం కాయకూడదు, ఎవరైనా ఫిక్సింగ్ మాట ఎత్తితే వెంటనే తెలియజేయాలి. ఏముందో తెలియని సప్లిమెంట్ శిష్యురాలికి ఇచ్చినా డోపింగ్ (నిషేధిత మందుల వాడకం) తలనొప్పే. డోపింగ్ పరీక్షల నమోదు జాబితాలో ఉన్న ఆటగాళ్లు రిటైర్మెంట్ తెలిపాక మళ్లీ ఆడాలంటే ఆరు నెలల ముందు లిఖితపూర్వకంగా చెప్పి, పరీక్షలకు అందుబాటులో ఉండాలి. కాబట్టి మీ అమ్మాయి ఆ జాబితాలో ఉంటే, మనసు పూర్తిగా తేలాకే రిటైర్మెంట్ ఉత్తరం పంపమనండి.

ఇక ఆ ఆఫర్. టూర్‌లో కోచ్ పని కోర్టు మీద రెండు మూడు గంటలే. మిగతాది టోర్నమెంట్‌లో పేరు నమోదు చేసే సైన్‌ఇన్ గడువు, ప్రాక్టీస్ కోర్టు బుకింగ్, రాకెట్ తీగల బిగువు (స్ట్రింగింగ్ టెన్షన్), ప్రత్యర్థి మ్యాచ్ చూసి రాసుకోవడం, ఓడిన సాయంత్రం పిల్లతో భోజనం చేయడం. మ్యాచ్‌లో సూచనలివ్వడాన్ని 2025 జనవరి 1 నుంచి టెన్నిస్ నిబంధనలు అనుమతిస్తున్నాయి, అయితే ఆ పోటీకి అనుమతినిచ్చే సంస్థ ఒప్పుకున్నప్పుడే. పాయింట్ల మధ్య ఉండేది 25 సెకన్లు. అందులో చెప్పగలిగింది నాలుగు పదాలు. ‘రెండో సర్వ్ బ్యాక్‌హ్యాండ్‌కు’ అంటే అందుతుంది, ఉపన్యాసం అందదు. ఆ నాలుగు పదాలు ఏరాలంటే ముందు లెక్క ఉండాలి: మొదటి సర్వ్ ఎంత శాతం పడింది, నాలుగు షాట్లలోపు ముగిసిన పాయింట్లలో ఎన్ని గెలిచింది. ప్రొఫెషనల్ ఆటలో సగానికి పైగా పాయింట్లు అంతలోపే ముగుస్తాయి. జూనియర్ల ప్రాక్టీస్ మాత్రం దాదాపు అంతా పొడవాటి ర్యాలీలే.

నోటి మాట మీద వెళ్లనివ్వకండి. కాగితం మీద ఇవి ఉండాలి: వారానికి ఇంత అని స్థిర జీతం, ప్రయాణ, వసతి ఖర్చులు ముందుగా, వైద్య బీమా, విడి గది. బహుమతి డబ్బులో వాటా పది శాతం చుట్టుపక్కల ఉండటం పరిపాటి. అయితే అది పన్నుకు ముందా తర్వాతా అన్నది రాసి ఉండాలి. 16 ఏళ్ల జూనియర్‌కు ఆ వాటా పెద్దగా ఏమీ రాదు, కాబట్టి దాన్ని చూపి స్థిర జీతం తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. పాప గాయపడి ఇంట్లో ఉన్న వారాలకు ఎంత ఇస్తారు, ఆపేయాలంటే ఎన్ని వారాల ముందు చెప్పాలి, ఇదే చాలాచోట్ల గొడవకు మూలం. టోర్నమెంట్ షెడ్యూలు తేల్చేది ఎవరో కూడా రాయించుకోవాలి. తండ్రి షెడ్యూలు వేసి కోచ్ ఫలితానికి బాధ్యత మోసే ఏర్పాటు ఆరు నెలలు కూడా నిలవదు.

డిగ్రీ పూర్తి చేయమనండి. వీలైతే స్పోర్ట్స్ సైన్స్‌కో సైకాలజీకో మారమనండి. సమాఖ్యలు, విశ్వవిద్యాలయాలు పూర్తికాలం కోచ్‌లను తీసుకునేటప్పుడు చాలాచోట్ల డిగ్రీ అడుగుతాయి, జీతం నెలనెలా వచ్చే ఉద్యోగాలు అవే. టూర్ వారాలు ఎనిమిదికి మించకపోతే పరీక్షలకు తీరిక దొరుకుతుంది. ఆ ఎనిమిది వారాలూ ఒకేసారి కాకుండా రెండు లేక మూడు వారాల విడతలుగా అడగమనండి. మధ్యలో ఇంటికొచ్చి, పాప ఆటలో మార్చాల్సింది ప్రాక్టీస్ కోర్టులో మార్చాకే మళ్లీ బయల్దేరవచ్చు.