ముప్పై ఆరు రంగులు అటకెక్కించి మిరపకాయలు ముందు పెట్టుకోండి

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. అమ్మాయి చదువుకని బెంగళూరు వెళ్లాక మధ్యాహ్నాలు తోచక వాటర్ కలర్స్ మొదలుపెట్టాను. ఏడాదిన్నరగా యూట్యూబ్ చూస్తూ రోజూ వేస్తున్నాను. ఆకాశం వేస్తే మరకలు కడుతుంది, రంగులు కలిపితే బురదవుతాయి. మొన్న అమ్మాయి వీడియో కాల్‌లో చూసి, “బాగున్నాయమ్మా, కానీ ఇందులో నీది ఏదీ?” అంది. ఆ రాత్రి పదిహేను బొమ్మలు చించేశాను. 36 ట్యూబుల సెట్టు కొన్నానని మావారికి కోపం, భోజనాల బల్ల ఎప్పుడూ రంగులమయమేనని విసుగు. నాకంటూ ఒక శైలి ఎలా వస్తుంది? క్లాసులో చేరనా, మానేయనా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: మానేయొద్దు. క్లాసు సంగతి తర్వాత చూద్దాం, ముందు చించడం ఆపండి. శైలి ఒక్క బొమ్మలో దొరకదు. నలభై యాభై బొమ్మలు నేలమీద వరసగా పరిచినప్పుడు, మీకు తెలియకుండా మీ చెయ్యి మళ్లీ మళ్లీ చేసిన పని ఏదో కనిపిస్తుంది. ఆ పదిహేనూ ఉంటే ఇవాళ పనికొచ్చేవి. ఇకమీదట పాడైన బొమ్మ వెనక పెన్సిల్‌తో తేదీ వేసి పాత సూట్‌కేసులో పడేయండి.

అమ్మాయి మాట గుచ్చుకున్నది అందులో కాస్త నిజం ఉండబట్టే. వీడియో చూస్తూ వేసేటప్పుడు ఏ రంగు, ఎంత నీళ్లు, ఎక్కడ కాగితం తెల్లగా వదలాలి, ఎప్పుడు కుంచె దించాలి, అన్నీ అవతలివాళ్లే తేల్చేసి ఉంటారు. సంగీతంలో సరళీ స్వరాలు అందరూ ఒకేలా పాడతారు, అందులో సిగ్గుపడాల్సింది లేదు. మీకు చెయ్యి తిరిగింది. ఇక ఆ నిర్ణయాలు మీరు చేయడం మొదలుపెట్టాలి.

రంగులు బురదవడానికి కారణం మీ చెయ్యి కాకపోవచ్చు. పెద్ద సెట్లలో చాలా ట్యూబులు అప్పటికే రెండు మూడు వర్ణకాలు (రంగునిచ్చే పొడులు, పిగ్మెంట్లు) కలిపి చేసినవి. మీరు అలాంటి రెండు కలిపితే నిజానికి ఐదారు కలిసినట్టే. అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమరంగు), క్రిమ్సన్ (ముదురు ఎరుపు), లెమన్ ఎల్లో, ఈ నాలుగూ ఉంచుకుని మిగతావి అటకెక్కించండి. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో వర్ణకం కోడ్ ఉంటుంది. అల్ట్రామెరైన్‌కి పీబీ 29 అని ఒక్కటే ఉంటే మంచిది, అందులో ఒకే వర్ణకం ఉందన్నమాట. తెలుపు, నలుపు కూడా దాచేయండి. తెలుపు కలిస్తే రంగు సున్నం కొట్టినట్టుంటుంది. నలుపు బదులు అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా చిక్కగా కలపండి. నీలం పాలు పెంచితే వానమబ్బు బూడిదరంగు, సియెన్నా పెంచితే తడిమట్టి రంగు వస్తాయి.

ఆకాశం మరకలకు సగం కారణం కాగితం, సగం మన ఊరి ఎండ. డ్రాయింగ్ బుక్కు కాగితం తడికి ముడతలు పడుతుంది, గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) కాటన్ కాగితం, కోల్డ్ ప్రెస్ రకం, అంటే పైన కాస్త గరుకుగా ఉండేది తీసుకోండి. ఖరీదే, కానీ 22 × 30 అంగుళాల షీటు ఒక్కటి కోస్తే ఏడున్నర × పదకొండు అంగుళాల ముక్కలు ఎనిమిది వస్తాయి, రెండువైపులా వేసుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను కింద కూర్చుంటే కుంచె రెండో వరసకు వచ్చేలోపే మొదటి వరస ఆరిపోయి గీతలా అంచు కడుతుంది. పొద్దున్నే ఫ్యాను ఆపి వేయండి. కాగితాన్ని వెనకవైపు కూడా తడిపి ప్లాస్టిక్ అట్టకు అంటించినట్టు పరిస్తే చాలాసేపు తడి నిలుస్తుంది. రంగు నీళ్లు ముందే రెండు మూడు చెంచాలు ఎక్కువే కలిపి ఉంచుకోండి. మధ్యలో మళ్లీ కలపబోతే అదే రంగు రాదు.

వానాకాలంలో కథ తిరగబడుతుంది. కాగితం ఎంతకీ ఆరదు, మనకు ఓపిక ఉండదు. సగం ఆరినచోట నీళ్ల కుంచె పెడితే ఆ నీరు రంగును అంచులకు నెట్టేసి క్యాలీఫ్లవర్ ఆకారంలో మరక కడుతుంది. పైన మెరుపు పోయిందా, వేలి వెనకభాగం ఆనిస్తే ఇంకా చల్లగా ఉందా, అప్పుడు ముట్టుకోకండి. చల్లదనం పూర్తిగా పోయాకే రెండో పూత. తడిమీద బాగున్న రంగు ఆరాక వెలిసినట్టవుతుంది కాబట్టి మొదటిసారే కొంచెం చిక్కగా వేయాలి.

ఇప్పుడు శైలి విషయం. వంటింట్లోంచి గుప్పెడు ఎండుమిరపకాయలు తెచ్చి చేటలో పోసి కిటికీ పక్కన పెట్టండి. రెండు మూడు తాలు కాయలు కూడా ఉండనివ్వండి, ఎరుపంతా ఒకటే ఎరుపు కాదని అవే చెబుతాయి. నిగనిగలాడే చోట కాగితాన్ని అలాగే వదలాలి. పొట్టకు క్రిమ్సన్‌లో చిటికెడు సియెన్నా, ముడతల లోపల అందులోనే కొంచెం నీలం. నీడ నల్లగా ఉండదు, నీలంలో కాస్త క్రిమ్సన్. కాయకు దగ్గరగా ఉన్న నీడలోకి ఎరుపు పాకుతుంది, తేరిపార చూడండి.

ఇదే చేటను ఎనిమిది ముక్కల మీద ఎనిమిదిసార్లు వేయండి. ఒకసారి పెన్సిల్‌తో తీరిగ్గా, ఒకసారి పెన్సిల్ లేకుండా. ఒకసారి రెండే రంగులతో, ఒకసారి నీడలు మాత్రమే వేసి కాయల్ని వదిలేసి. ఒకటి మొత్తం తడిమీద, ఒకటి 12 నంబరు లావు కుంచెతోనే, ఒకటి ఏడు నిమిషాల్లో. ఎనిమిదోది మీ ఇష్టం. మూడోదానికే విసుగొస్తుంది. ఐదోదాని దగ్గర కాయను చూడటం మానేసి అలవాటు మీద వేస్తున్నామని తెలుస్తుంది. అక్కణ్నుంచే అసలు పని మొదలు. వారం ఆగి ఎనిమిదీ గోడకు ఆనించి చూడండి. అంచులు కరిగిపోయేలా వేస్తున్నారా, కోసినట్టా? తెలుపు ఎంత వదిలారు? తొడిమల మీద అవసరం లేని శ్రద్ధ పెట్టారా? అలా పెట్టి ఉంటే దాన్ని దిద్దుకోకండి, వచ్చే బొమ్మలో ఇంకాస్త పెంచండి.

తెరమీద తప్ప బొమ్మలు చూడకపోవడం కూడా ఒక లోటే. ఒక ఆదివారం మీవారితో కలిసి రాజమండ్రి వెళ్లి దామెర్ల గ్యాలరీలో చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) బొమ్మల ముందు నిలబడి రండి. ఫోన్‌లో అన్ని బొమ్మలూ అరచేతి సైజే. అసలు కొలత, పూత మందం, కుంచె జాడ గోడమీదే తెలుస్తాయి.

క్లాసు అంటే మేష్టారు వేస్తుంటే ముప్పైమంది అదే వేసేదైతే వద్దు, అది యూట్యూబే. వస్తువు ముందు కూర్చోబెట్టి, మీరు వేశాక తప్పు చూపించేవాళ్లు దొరికితే చేరండి.

మీవారి కోపంలో రెండు వేర్వేరు ఫిర్యాదులున్నాయి. డబ్బు గురించి ఆయనకు అంకె చెప్పండి: ఆరు నెలలపాటు కాగితం తప్ప కొత్తది కొననని, నెలకు ఫలానా మొత్తం దాటనని. బల్ల విషయంలో ఆయనదే న్యాయం. అన్నం తినేచోట రంగుల నీళ్లు ఉండకూడదు, కొన్ని వర్ణకాలు విషం కూడా. పాత స్టీలు ట్రేలో కుంచెలు, రెండు గ్లాసులు, ప్యాలెట్ సర్దుకుంటే రెండు నిమిషాల్లో ఎత్తేయొచ్చు. ఆ గ్లాసులు మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు. ప్రతి బొమ్మా పట్టుకెళ్లి “బాగుందా?” అని అడగటం మానేయండి. ఆయన చెప్పగలిగేది ఊఁ లేదా ఊహూఁ, రెండూ మీకు పనికిరావు.

అమ్మాయికి మాత్రం ఎనిమిది మిరపకాయల బొమ్మలూ ఒకేసారి పంపండి. ఏది బాగుందని అడగొద్దు. దేని దగ్గర ఎక్కువసేపు ఆగావే అని అడగండి.