సెకండ్ హ్యాండ్ ఫ్లాట్‌లో చెమ్మ: బిల్డర్ని అడగొచ్చా?

ఒంగోల్లో మీరు మూడేళ్ల నాటి ఫ్లాటు మొదటి ఓనర్ దగ్గర కొన్నారు, తొలి వానకే గోడలు చెమ్మెక్కాయి, బిల్డరేమో "మీకు అమ్మింది నేను కాదు" అంటున్నాడు. అంతే కదా? ఆ మాటకి తగ్గి ఊరుకోకండి.

మాది నెల్లూరు, వేదాయపాళెం వైపు. ఎండల్లో తాళాలిచ్చారు. గోడలు అద్దాల్లా ఉన్నాయి. నవంబర్ వానలు పట్టుకున్నాక పడగ్గది గోడ మీద పెయింట్ బూరెలా పొంగింది. మా ఆవిడ గోటితో గీకితే లప్పం పెచ్చు ఊడొచ్చింది. కింద పాత పగులు, దాంట్లో కుక్కిన వైట్ సిమెంట్! ముందే తెలిసి పూత పూశారన్నమాట. బిల్డర్‌కి ఫోన్ చేస్తే "వానాకాలం చెమ్మ రాకుండా ఎట్టుంటది సార్" అన్నాడు. ఆర్నెల్లు ఫోన్లతోనే సరిపోయింది. లాయర్ దగ్గరికి పోతే ఆయన అడిగింది ఒక్కటే, "మీరు బిల్డర్‌కి రాసిచ్చిన కాగితం ఏదండీ?"

రెరా చట్టం 2016 (ఇళ్లు, ఫ్లాట్లు కొనేవాళ్ల కోసం తెచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం), సెక్షన్ 14(3) ప్రకారం, స్వాధీనం ఇచ్చిన 5 ఏళ్లలోపు కట్టుబడిలో గానీ పనితనంలో గానీ లోపం చూపిస్తే, బిల్డర్ 30 రోజుల్లో తన ఖర్చుతో బాగుచేయాలి. చేయకపోతే పరిహారం అడగొచ్చు. మీకు పనికొచ్చేది సెక్షన్ 2(డి): అలాటీ అంటే మొదట కొన్నవాళ్లే కాదు, వాళ్ల దగ్గర కొన్నవాళ్లూను. కాకపోతే 5 ఏళ్లని మీ రిజిస్ట్రేషన్ నుంచి కాకుండా, మొదటి ఓనర్‌కి తాళాలిచ్చిన రోజు నుంచి లెక్కేసుకోండి. అందుకే ఆయన దగ్గరున్న హ్యాండోవర్ లెటర్ జిరాక్స్ తీసుకోండి, మంచిగా ఉన్నప్పుడే.

ఆ ఓనర్ని కూడా అడగొచ్చు. తనకు తెలిసి, మామూలుగా చూస్తే కొనేవాడికి కనపడని లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలని 1882 ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 అంటుంది. కానీ ఆయనకు తెలుసని రుజువు చేయాల్సింది మీరే, కోర్టు చుట్టూ తిరగాలి. నేనైతే ముందు బిల్డర్నే పట్టుకుంటా.

మాకు రిజిస్టర్ పోస్టులో నోటీసు వెళ్లాకే మేస్త్రీ వచ్చాడు. తీరా చూస్తే తప్పు పైఫ్లాటు బాత్రూమ్ పైపు జాయింట్‌ది. వాళ్లను ఒప్పించి టైల్స్ పగలగొట్టించడానికి ఇంకో నెల.

మీరు మాత్రం తొందరపడి లప్పం కొట్టించకండి. ముందు తేదీ పడేలా ఫోటోలు తీసి, ఒక ఇంజనీరు చేత రాయించుకుని, అక్నాలెడ్జ్‌మెంట్ పెట్టి నోటీసు పంపండి.