బేస్‌బాల్‌లో అతి ఖరీదైన తప్పు స్నాడ్‌గ్రాస్‌దేనా?

బేస్‌బాల్ చరిత్రలో అతి ఖరీదైన తప్పు ఎవరిదని మీరు అడిగారు. చాలామంది న్యూయార్క్ జెయింట్స్ జట్టు ఆటగాడు ఫ్రెడ్ స్నాడ్‌గ్రాస్ పేరే చెబుతారు. ఆయనకు ఆ నింద అంటగట్టింది ఆట కాదు, స్కోరు పుస్తకం అని నా గట్టి అభిప్రాయం.

1912 అక్టోబరు 16న బోస్టన్‌లోని ఫెన్‌వే పార్కులో, బోస్టన్ రెడ్ సాక్స్‌కూ జెయింట్స్‌కూ మధ్య వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ పోటీ) చివరి ఆట జరిగింది. అంతకుముందు ఒక ఆట చీకటి పడి సమంగా ఆగిపోయినందువల్ల, ఏడింటితో ముగియాల్సిన సిరీస్‌లో అది ఎనిమిదోది. పదో ఇన్నింగ్స్‌లో జెయింట్స్ 2-1 పరుగుల ఆధిక్యంలో ఉండగా, బోస్టన్ పిచర్ (బంతి విసిరేవాడు) వుడ్‌కు బదులుగా బ్యాటింగుకు దిగిన క్లైడ్ ఎంగిల్ కొట్టిన బంతి తేలిగ్గా లేచి, సెంటర్ ఫీల్డులో ఉన్న స్నాడ్‌గ్రాస్ గ్లవ్‌లో పడి జారిపోయింది. పరుగు కోసం చుట్టిరావాల్సిన నాలుగు బేస్‌లలో రెండోదానికి ఎంగిల్ చేరాడు. లోకానికి గుర్తున్నది ఇంతవరకే. ఆ వెంటనే హ్యారీ హూపర్ బలంగా బాదిన బంతిని ఇదే స్నాడ్‌గ్రాస్ పరుగెత్తి అద్భుతంగా పట్టుకున్న సంగతిని ఎవరూ ఎత్తరు. తరువాత జెయింట్స్ పిచర్ మాథ్యూసన్ నాలుగు 'బాల్స్' (గురి తప్పిన బంతులు) వేసి యర్క్స్‌ను ఊరికే బేస్ ఎక్కించాడు. ఆపై ట్రిస్ స్పీకర్ కొట్టిన బంతి ఫస్ట్ బేస్ పక్కన, ఫౌల్ గీతకు అవతల, నిటారుగా లేచింది. ఫస్ట్ బేస్ కాచే మెర్కిల్, బ్యాటరు వెనుక ఉండే క్యాచర్ మేయర్స్, మాథ్యూసన్ ముగ్గురూ దగ్గరలోనే ఉండి కూడా, పట్టుకుంటే ఔటయ్యే ఆ బంతి ఎవరి చేతికీ అందకుండా నేల మీద పడింది. అలా బతికిపోయిన స్పీకర్ హిట్ కొట్టి ఎంగిల్‌ను 'హోమ్‌'కు, అంటే చివరి బేస్‌కు, రప్పించి పరుగు తెచ్చాడు. కాసేపటికి గార్డ్‌నర్ సాక్రిఫైస్ ఫ్లైతో (తాను క్యాచ్ ఔటైనా పరుగు తెచ్చే దెబ్బతో) యర్క్స్ కూడా వచ్చి, బోస్టన్ ఆ ఆటను 3-2తో గెలిచి, సిరీస్‌నూ గెలుచుకుంది.

మేము న్యూజెర్సీలో ఉంటాము. మా అబ్బాయి పిల్లల జట్టులో ఆడే రోజుల్లో, క్రికెట్ తెలిసినవాడినని స్కోరు పుస్తకం నాకు అప్పగించారు. సెంటర్ ఫీల్డరు అంకె 8. అతను బంతి జారవిడిస్తే ఆ గడిలో 'ఈ-8' అని రాయాలి; 'ఈ' అంటే ఎర్రరు, తప్పు. ఒక సాయంత్రం ఎండకు ఎదురుగా చాలా దూరం పరుగెత్తిన పిల్లవాడి గ్లవ్ అంచుకు తగిలి బంతి కింద పడితే, అలాగే రాశాను. మరి కాసేపటికి ముగ్గురు పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడగా మధ్యలో పడిన బంతి హిట్‌గా నమోదైంది. నా భుజం మీదుగా పుస్తకంలోకి తొంగిచూసిన ఆ పిల్లవాడి తండ్రి, "పరుగెత్తినవాడికేమో ఎర్రరు, నిలబడ్డవాళ్లకేమో ఏమీ లేదా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మన క్రికెట్ స్కోరుకార్డులో క్యాచ్ వదిలినవాడి పేరు రాయడానికి గడి అన్నదే లేదు. ఆ విషయంలో మనవాళ్లే నయం.

పత్రికలవాళ్లు సిరీస్ రాబడిలో గెలిచిన జట్టు వాటాకూ ఓడిన జట్టు వాటాకూ ఉన్న తేడాను లెక్కగట్టి, స్నాడ్‌గ్రాస్ జారవిడిచిన బంతి ఖరీదు 30,000 డాలర్లని ముద్ర వేశారు. స్పీకర్ ఫౌల్ బంతికి ఎవరూ ఖరీదు కట్టలేదు. 1910లో .321 సగటుతో (వెయ్యికి 321 హిట్ల లెక్కన) బ్యాటింగు చేసి, 1911లో 51 బేస్‌లు 'దొంగిలించిన' (బంతి కొట్టకముందే తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరిన) ఆటగాడు స్నాడ్‌గ్రాస్. జెయింట్స్ మేనేజరు మెక్‌గ్రా ఆయనను నిందించలేదు సరికదా, మరుసటి సంవత్సరానికి జీతం పెంచాడు. 1916 దాకా ఆడి, తరువాత కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్‌కు మేయరు కూడా అయ్యాడు. అయినా 1974లో, 86 ఏళ్ల వయసులో మరణించినప్పుడు న్యూయార్క్ టైమ్స్ శీర్షికలోకి ఎక్కింది మేయరు పదవి కాదు, ఆ 1912 నాటి బంతే.