వరద మీద నేను వేసిన జోకు

విషాదాల మీద, కులమతాల మీద, వైకల్యం మీద స్టాండప్ కామెడీలో జోకులు వేయవచ్చా అని అడిగారు. వేయవచ్చనే అంటాను. అయితే విజయవాడలో నేను చేసిన ఒక తప్పు చెప్పకుండా ఆ మాట అనలేను.

అప్పటికి కొన్నాళ్లుగా పటమటలోని ఒక చిన్న కెఫేలో వారం వారం ఐదు నిమిషాలు నవ్విస్తున్నాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి ఊళ్లోని సింగ్‌నగర్, పాయకాపురం మునిగాయి. మా ఇంటి గుమ్మం తడవలేదు. రెండు నెలలు గడవకముందే, పాల ప్యాకెట్ల కోసం పడవల చుట్టూ మూగిన జనాన్ని అనుకరించి చూపించాను. గదంతా చప్పట్లు. బయటికి వస్తుంటే ఒకావిడ ఆపి, "తమ్ముడూ, అలా చేయి చాపినవాళ్లలో నేనూ ఉన్నాను. మా పాపకు అప్పుడు ఏడు నెలలు" అన్నారు. కోప్పడి ఉంటే వాదించేవాణ్ణి. ఆవిడ కోప్పడలేదు.

ఇంటికి వెళ్లి ఆ జోకును విప్పి చూసుకున్నాను. అందులో నవ్వు పుట్టింది ఆకలిగా ఉన్నవాళ్ల తొందరలోంచి. బుడమేరు డైవర్షన్ కాలువకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి, వాటిని పూడ్చడానికి సైన్యం కూడా రావలసి వచ్చింది. వాగు పారే దారిలో ఊరు పెరుగుతూ పోయింది. వీటి గురించి నా జోకులో ఒక్క ముక్క లేదు. ఇంత సరుకు కళ్ల ముందు ఉండగా నేను వెళ్లి తల్లుల మీద పడ్డాను!

మన కృష్ణా జిల్లా కూచిపూడి భాగవతుల (నాట్యం చేసి ఆటలాడే కళాకారుల) గురించి మాచుపల్లి కైఫీయతు, అంటే పాతకాలపు స్థానిక చరిత్ర రాత, చెప్పే ఉదంతం అప్పుడే గుర్తొచ్చింది. సిద్ధవటం సీమను ఏలే సమ్మెట గురవరాజు సొమ్ము కోసం ఆడవాళ్లను హింసిస్తుంటే, భాగవతులు విజయనగరం వెళ్లి ఆ దారుణాన్నే వేషం కట్టి రాజు ఎదుట ప్రదర్శించారట. అంతకన్నా సున్నితమైన విషయం ఏముంటుంది? అయినా ఆ ఆట తగిలింది గురవరాజుకే. రాజు అతణ్ణి శిక్షించాడు.

జోకుల మీద పెట్టే పోలీసు కేసుల సంగతి కూడా చెప్పాలి. 2021 జనవరి 1న ఇందోర్‌లో స్టాండప్ కమెడియన్ మునవ్వర్ ఫారూఖీని అరెస్టు చేశారు. ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చేదాకా అతను జైల్లోనే ఉన్నాడు. ఇది నాకు అసలు నచ్చని పద్ధతి. ఆవిడ నా మీద కేసు పెట్టి ఉంటే, ఈపాటికి ఆ పాల ప్యాకెట్ల జోకును సమర్థించుకుంటూ తిరుగుతుండేవాణ్ణి.

వరద మీద మాట్లాడటం మానలేదు. కొత్తగా ఏది రాసినా ముందు పాయకాపురంలోని నా స్నేహితుడికి వినిపిస్తాను. మూడు రోజులు డాబా మీదే గడిపినవాడు. మొన్న రెండు వాక్యాలు కొట్టేయమన్నాడు, కొట్టేశాను. నేను జంకి తీసేసిన ఒకదాన్ని మాత్రం ఉంచి తీరాలని పట్టుబట్టాడు. అది వాళ్ల నాన్న మాట. గుమ్మం దాటి తేలిపోతున్న ఫ్రిజ్‌ను చూసి ఆయన డాబా మీద నుంచి అరిచారట: "ఆగవే, ఇంకా నాలుగు వాయిదాలున్నాయి!"